వాన పడితే లెక్క మారుతుంది!

విమానం పైకి లేవడానికి ఎంత రన్‌వే కావాలి? ఈ ప్రశ్నకు జవాబు పైలట్‌కు ఒక్కటే తెలిస్తే సరిపోదు. లేవకుండా ఆగిపోవాల్సి వస్తే ఎంత కావాలో కూడా తెలియాలి. వాన కురిసిన రోజు ఆ రెండో లెక్కే తారుమారవుతుంది. చక్రాలు కదలకముందే పైలట్లు వేసే ఆ లెక్క సంగతులివి...

పల్నాడుకు విమానం మరీ కొత్తేమీ కాదు. మాచర్ల మండలం విజయపురి సౌత్‌లో పాత ఎయిర్‌స్ట్రిప్ ఉంది. 2024లో రాష్ట్ర ప్రభుత్వం కొత్త విమానాశ్రయాల కోసం ప్రతిపాదించిన చోట్లలో నాగార్జునసాగర్ ఒకటి. ఇక నరసరావుపేట దాటి అద్దంకి వైపు వెళ్తే, 16వ నంబరు జాతీయ రహదారిలో కొంత భాగమే రన్‌వే! పొడవు 4.1 కిలోమీటర్లు, వెడల్పు 33 మీటర్లు. 2024 మార్చి 18న వాయుసేనకు చెందిన ఏఎన్-32, డోర్నియర్ విమానాలు అక్కడ దిగి, మళ్లీ ఎగిరాయి. సుఖోయ్-30, హాక్ యుద్ధవిమానాలు రోడ్డును ఆనుకున్నంత కిందికి వచ్చి పైకి లేచిపోయాయి.

అలాంటివి చూసినప్పుడు అందరికీ వచ్చే సందేహం... అసలు ఎన్ని మీటర్లుంటే చాలు అని. దానికి ఒక్క జవాబు లేదు. విమానం బరువు, గాలి వాటం, ఎండ, వాన... వీటిని బట్టి ఆ అంకె రోజురోజుకీ, ఒక్కోసారి గంటగంటకీ మారుతుంది.

ఒకే ఒక్క అంకె

టేకాఫ్‌కు ముందు పైలట్లు తేల్చుకునే వేగాల్లో ముఖ్యమైనది 'వీ-వన్'. రన్‌వే మీద దూసుకెళ్తుండగా ఇంజిన్ ఆగిపోయిందనుకోండి. వేగం ఇంకా వీ-వన్ చేరకపోతే బ్రేకులు వేసి ఆగిపోవచ్చు. దాటిపోతే ఆగకూడదు. మిగిలిన ఇంజిన్‌తోనే పైకి లేవాలి. అందుకే అప్పటిదాకా ఇంజిన్ల లివర్ల మీదే ఉన్న కెప్టెన్ చెయ్యి, వీ-వన్ అనగానే పక్కకు వచ్చేస్తుంది. ఇక వెనక్కి తగ్గేది లేదని గుర్తు!

పొడి రన్‌వే మీద ఒక ఉజ్జాయింపు లెక్క చూద్దాం. విమానం వీ-వన్ సెకనుకు 70 మీటర్లు, అంటే గంటకు సుమారు 250 కిలోమీటర్లు అనుకుందాం. ఆ వేగం అందుకోవడానికి 1,225 మీటర్లు, అక్కడి నుంచి ఆగడానికి 700 మీటర్లు పట్టిందనుకుందాం. మొత్తం 1,925 మీటర్లు. ఇప్పుడు వాన పడింది. బ్రేకు పట్టు సగానికి తగ్గిందనుకుంటే ఆగే దూరం రెట్టింపై 1,400 అవుతుంది. మొత్తం 2,625 మీటర్లు. రన్‌వే 2,300 మీటర్లే ఉంటే?

వేగమే తగ్గించుకోవాలి. వీ-వన్‌ను 70 నుంచి 65కు దించితే మొత్తం దూరం దాదాపు 2,265 మీటర్లకు వస్తుంది. అయిదు మీటర్ల వేగం వదులుకుంటే 360 మీటర్ల రన్‌వే మిగిలిందన్నమాట! అసలు లెక్కలో పైలట్ స్పందించే వ్యవధి కింద రెండు సెకన్ల దూరాన్ని కూడా కలుపుతారు.

అయితే ఇందులో ఓ చిక్కుంది. తక్కువ వేగంలో ఇంజిన్ పోయి, అయినా ఎగరాల్సి వస్తే పైకి లేవడానికి ఎక్కువ దూరం పడుతుంది. అందుకే నిబంధనల్లో కొంత వెసులుబాటు ఇచ్చారు. ఇంజిన్ పోయిన విమానం రన్‌వే హద్దు దాటేసరికి పొడి రోజు 35 అడుగుల ఎత్తులో ఉండాలి. తడి రోజు 15 అడుగులు చాలు. ఇంజిన్ గాలిని ముందుకు మళ్లించి వేగం తగ్గించే రివర్స్ థ్రస్ట్‌ను పొడి రన్‌వే లెక్కలో చేర్చరు, తడి లెక్కలో చేర్చుకోవచ్చు. ఇన్ని చేసినా సరిపోకపోతే మిగిలింది ఒక్కటే దారి... బరువు దించడం! సరకో, ఇంధనమో, కొన్నిసార్లు ప్రయాణికులో తగ్గాల్సిందే.

టైరు తేలిపోతే...

వానలో మాచర్ల-గురజాల రోడ్డు మీద బండి నడిపేవాళ్లకు నీళ్లు నిలిచినచోట స్టీరింగ్ తేలికైపోవడం అనుభవమే. టైరు రోడ్డును వదిలి నీటి పొర మీద తేలుతుంది. దీన్నే హైడ్రోప్లేనింగ్ అంటారు. ఏ వేగం దగ్గర అది మొదలవుతుందో నాసా పరిశోధకులు 1963లో ఓ చిన్న సూత్రం ఇచ్చారు. టైరులోని గాలి పీడనానికి వర్గమూలం కట్టి తొమ్మిదితో గుణిస్తే ఆ వేగం నాట్లలో వస్తుంది. 30 పాయింట్ల గాలి ఉన్న కారుకు అది గంటకు సుమారు 90 కిలోమీటర్లు. 200 పాయింట్లున్న విమానం టైరుకు 235 కిలోమీటర్ల పైచిలుకు. అంటే, టేకాఫ్ ఆపేయాలని పైలట్ బ్రేకు తొక్కే వేగాల్లోనే టైరు తేలిపోయే ప్రమాదం ఉంది!

మ్యూనిక్ నేర్పిన పాఠం

నీళ్లు బ్రేకును దెబ్బతీయడమే కాదు, లోతుగా ఉంటే వేగాన్నే అందుకోనివ్వవు. ఈ సంగతి ప్రపంచానికి తెలిసొచ్చింది 1958 ఫిబ్రవరి 6న. జర్మనీలోని మ్యూనిక్‌లో మాంచెస్టర్ యునైటెడ్ ఫుట్‌బాల్ జట్టుతో బయల్దేరిన విమానం రెండుసార్లు టేకాఫ్ ఆపేసి, మూడోసారి ప్రయత్నించింది. రన్‌వే మీద కరిగీకరగని మంచు బురదలా ఉంది. 117 నాట్ల వరకూ పెరిగిన వేగం ఉన్నట్టుండి 105కు పడిపోయింది. విమానం లేవలేదు, ఆగనూ లేదు. ఎనిమిది మంది ఆటగాళ్లతో సహా 23 మంది చనిపోయారు. రెక్కల మీద మంచు తీయించలేదంటూ నింద కెప్టెన్ జేమ్స్ థైన్ మీద పడింది. మంచు బురద చక్రాలను ఎలా పట్టి లాగుతుందో ప్రయోగాల్లో తేలాక, 1969లో బ్రిటన్ విచారణ ఆయన తప్పేమీ లేదని ప్రకటించింది.

మూడు మిల్లీమీటర్ల గీత

మన దగ్గర మంచు బురద లేకపోవచ్చు, నిలిచిన నీళ్లున్నాయి. నీటి పొర 3 మిల్లీమీటర్ల లోపుంటే అది 'తడి' రన్‌వే. అంతకుమించిన నీళ్లు పావు వంతుకు పైగా పరచుకుంటే 'కంటామినేటెడ్' రన్‌వే. దానికి లెక్కే వేరు. మామూలు రోజుల్లో ఇంజిన్ల ఆయుష్షు కోసం పైలట్లు చాలాసార్లు పూర్తి శక్తి వాడరు. కంటామినేటెడ్ రన్‌వే మీద మాత్రం ఆ పొదుపు కుదరదు.

2021 నవంబరు 4 నుంచి ప్రపంచమంతా ఒకే పద్ధతి అమల్లోకి వచ్చింది. రన్‌వేను మూడు భాగాలు చేసి, ఒక్కోదానికి సున్నా నుంచి ఆరు వరకూ అంకె ఇస్తారు. పొడిగా ఉంటే 6, తడిగా ఉంటే 5. మూడు మిల్లీమీటర్లు దాటి నీళ్లు నిలిస్తే ఏకంగా 2! దాంతోపాటు నీటి లోతు వివరం కూడా పైలట్‌కు చేరుతుంది. ఇద్దరు పైలట్లూ విడివిడిగా లెక్క వేసి, రెండూ సరిపోలితేనే కదులుతారు. జోరువానలో 'కాసేపు ఆగుదాం' అని కాక్‌పిట్ నుంచి ప్రకటన వస్తే, నీళ్లు పోయేదాకా ఆ లెక్క కుదరలేదని కూడా కావచ్చు.

ఎండకూ ఓ పద్దు

పల్నాడు విషయంలో వానతోనే అయిపోదు. ఎండలకు పేరుపడ్డ రెంటచింతల ఇక్కడే ఉంది. వేడి గాలి పలచన. ఇంజిన్ శక్తీ తగ్గుతుంది, రెక్కలకు ఊతమూ తగ్గుతుంది. ఎండ పైకి లేచే దూరాన్ని పెంచితే, వాన ఆగే దూరాన్ని పెంచుతుంది. నాగార్జునసాగర్‌లో రేపు పెద్ద రన్‌వే వేస్తే దాని పొడవును మే నెల ఎండకూ, తుపాను వానకూ సరిచూసుకోవాల్సిందే. నీళ్లు పక్కలకు జారేలా వాలు, పోయేలా కాలువలు, టైరు కింద నీళ్లు తప్పుకునేలా రన్‌వేకు అడ్డంగా సన్నటి గాళ్లు... ఇవన్నీ ఆ లెక్కలోవే. కట్టేటప్పుడు ఎక్కువ వేసుకున్న ప్రతి మీటరూ, జోరువానలో వందల మందితో కదిలే విమానానికి ఆగేందుకు మిగిలే చోటు.