కన్యాశుల్కం తెరకెక్కడానికి ఎందుకంత ఆలస్యమైంది?

విజయనగరంలో 1892లో జగన్నాథ విలాసినీ సభవారు తొలిసారి ఆడిన ‘కన్యాశుల్కం’ వెండితెర కెక్కింది 1955లో. తెలుగు టాకీ మొదలైంది 1932లో. చేతికందే దూరంలో ఇంత గొప్ప నాటకముండగా మన సినిమా ఇరవైమూడేళ్లు ఎందుకు ఆగింది? దీనికి జవాబు వెతికితే తొలి టాకీల స్వభావం బోధపడుతుందని నా ఉద్దేశం.

మొదటి టాకీ ‘భక్త ప్రహ్లాద’కు రంగస్థల నాటకమే ఆధారం, సురభి నటులే అందులో ప్రధానం. ఆపైన వచ్చిన పౌరాణికాలలో అనేకం నాటకరంగం మీద గెలిచిన కథలే. నిర్మాతకు సిద్ధమైన కథ, కంఠతా పద్యాలు వచ్చిన నటుడు, ఆ పద్యాలకోసమే వచ్చే ప్రేక్షకుడు – మూడూ ఒకేచోట దొరికాయి. నేపథ్యగానం స్థిరపడని ఆ రోజుల్లో పాడలేనివాడికి తెరమీద చోటు దొరకడం కష్టం.

‘కన్యాశుల్కం’ దగ్గర ఈ సరుకు లేదు. అది పద్యం మీద కాక మాట మీద నడిచే నాటకం. గిరీశం మాట గిరీశానిది, మధురవాణి మాట మధురవాణిది. పైగా 1909 నాటి రూపంలో ఏడంకాలు; ఒక రాత్రి ప్రదర్శనకే లొంగదు.

సాంఘిక సమస్య కావడం వల్లనే తెర దాన్ని కాదన్నదనుకుంటే పొరపాటు. కాళ్లకూరి నారాయణరావుగారి ‘వరవిక్రయం’ 1939లోనే సి. పుల్లయ్య దర్శకత్వంలో వచ్చింది. కట్నానికి ఎదురుతిరిగిన కాళిందిగా భానుమతి అందులోనే తొలిసారి తెరమీద కనిపించింది. సమస్య సాంఘికమే, కాని ఆ నాటకానికి పద్యబలముంది. అడ్డు వచ్చింది సమస్య కాదు, ప్రక్రియ.

ఆ అడ్డును తొలగించడంలోనూ మన ఉత్తరాంధ్ర పాత్ర ఉంది. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తిగారికి పర్లాకిమిడిలో శిష్యుడైన తాపీ ధర్మారావుగారే 1938లో ‘మాలపిల్ల’కు వాడుకభాషలో సంభాషణలు రాశారు. తెరమీద మనుషులు మనుషుల్లా మాట్లాడటం నేర్చుకున్నాకనే గురజాడకు అక్కడ చోటు దొరికింది.

1955లో పి. పుల్లయ్య తీసిన చిత్రంలో గిరీశం ఎన్.టి. రామారావు, మధురవాణి సావిత్రి. గురజాడ ‘పూర్ణమ్మ’నూ, శ్రీశ్రీ గేయాన్నీ అందులో చేర్చారు. నాటకం చదవని లక్షలమందికి ఆ పాత్రలు పరిచయమయ్యాయి. ఇది తక్కువ లాభం కాదు. అయితే జనం మెచ్చిన కథానాయకుడు గిరీశం వేషం కట్టినప్పుడు, ఆ పాత్రమీద మనకు కలగవలసిన ఏవగింపు కాస్త ముచ్చటగా మారుతుంది. వ్యంగ్యం పదును తగ్గేది అక్కడే.

అందుచేత సాహిత్య విద్యార్థులకు నా మనవి ఒకటే. సినిమా చూడండి, తరవాత నాటకం తెరిచి, తెర ఏమి ఉంచుకున్నదో, ఏమి వదులుకున్నదో పక్కపక్కన పెట్టి చూడండి. ఒక కాలం దేనికి భయపడిందో, దేన్ని అమ్ముకోగలిగిందో ఆ తేడాలోనే తెలుస్తుంది.