టేపుకు అందని రికార్డు

1,072 మీటర్ల పొడవుతో ఖరగ్‌పూర్ రైల్వే ప్లాట్‌ఫారం ఒకప్పుడు ప్రపంచంలో ప్రథమస్థానం పొందింది. 2013లో గోరఖ్‌పూర్ 1,366 మీటర్లతో, 2023లో హుబ్బళ్ళి 1,507 మీటర్లతో దానిని మించిపోయాయి. సందేహం గలవారు నేడైనా టేపుతో కొలుచుకోవచ్చు.

కొండదారిలో వేగం అలా కాదు. నడక ముగియగానే అది మాయమవుతుంది. మిగిలేది నడిచినవాని మాట మాత్రమే. బేస్ క్యాంపు నుండి 8 గంటల 10 నిమిషాలలో ఎవరెస్టు ఎక్కినట్లు 2004లో పెంబా దోర్జే షెర్పా ప్రకటించాడు. అంతకుముందు ఏడాది దాదాపు 11 గంటలలో ఎక్కిన లక్పా గేలు షెర్పా దానిని ఒప్పుకొనలేదు. తగిన ఆధారం లేదంటూ 2017లో నేపాల్ సుప్రీంకోర్టు ఆ రికార్డును రద్దుచేసింది.

అందుకే నేడు సుదూర పాదయాత్రికులు ఉపగ్రహ పరికరాలతో దారి పొడుగునా కాలాన్ని నమోదు చేసుకుంటున్నారు. నిజంగా నడిచినవాని కీర్తికి కూడా అదే రక్ష.