ముత్తవ్వ పేరు ఎక్కడ దొరుకుతుంది?

ముత్తాత పేరు అడిగితే మనం టక్కున చెబుతాం. ముత్తవ్వ పేరు అడిగితే ఆగిపోతాం. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ కాలనీలు ఒకప్పుడు చాలావరకు పొలాలే. సరూర్‌నగర్, కర్మన్‌ఘాట్, నాగోల్, మన్సూరాబాద్ గ్రామాల సర్వే నంబర్ల మీదే ఈ ఇళ్ళు లేచాయి. ఆ పొలాల్లో నాట్లు వేసి, కలుపు తీసిన అవ్వల పేర్లు వెతికే దారి ఇది.

ముందు ఇంట్లో పెద్దలను అడగాలి. ఊరు, ఇంటిపేరు, పుట్టింటివారి పేరు, చెలకను పిలిచే పేరు రాసుకోవాలి. రామక్క, రాములమ్మ ఒక్కరే కావచ్చు. తర్వాత తహసీల్దారు కార్యాలయంలో 1954-55 నాటి ఖాస్రా పహాణీ నకలుకు దరఖాస్తు పెట్టాలి. దానికి ముందుది సేత్వార్, తర్వాతది 1955-58 చెస్లా పహాణీ. పాత కాగితాలు ఉర్దూలో ఉంటాయి. 'వల్ద్' అంటే ఫలానా వారి కొడుకు, 'జౌజే' అంటే భార్య, 'బేవా' అంటే వితంతువు. భర్త చనిపోయాకే పట్టాలోకి ఎక్కిన స్త్రీలు ఎందరో. అందుకే విరాసత్ మార్పులు తప్పక చూడాలి. కౌలుకు దున్నిన కుటుంబమైతే 1950 చట్టం కింద రాసిన రక్షిత కౌలుదారుల జాబితా చూడాలి.

కూలి చేసి బతికిన మన అవ్వలు చాలామంది ఏ పహాణీలోనూ కనబడరు. వారికి పెద్దల నోటిమాటే రికార్డు. దాన్ని ఇప్పుడే రాసిపెట్టాలి.

ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన వాటా 1985లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళికాని కూతుళ్ళకు, 2005లో దాదాపు దేశమంతటా హిందూ కూతుళ్ళందరికీ వచ్చింది. వంశవృక్షం గీసేటప్పుడు అక్కచెల్లెళ్ళ పేర్లు వదలకండి. రేపు మన మనుమలు వెతికితే దొరకాలి కదా!