పై ఊరు, క్రింది ఊరు

నీటికి పొలిమేరలు లేవు. మూసీనే చూడండి. అనంతగిరి కొండల్లో పుట్టి, హైదరాబాదు నడుమ ప్రవహించి, నల్లగొండ పల్లెల మీదుగా వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. సూర్యాపేట సమీపాన, సోలిపేట వద్ద 1963లో పూర్తయిన మూసీ ప్రాజెక్టు ఎన్నో పొలాలను తడుపుతోంది. అయితే నగరపు మురుగు, కర్మాగారాల వ్యర్థాలు కూడా ఈ దారినే వస్తున్నాయి. తప్పు ఒకచోట, శిక్ష మరొకచోట!

1993లో అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ, పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాలలో త్రాగునీటిని, చిన్నతరహా నీటిపారుదలను చేర్చింది. కాని పంచాయతీ అధికారం పొలిమేరలో ఆగుతుంది, మురుగు ఆగదు. పై పట్టణం సహకరించనిదే క్రింది పల్లె ఏమి చేయగలదు?

పాలమూరు, నల్లగొండ మెట్టలలోని గొలుసుకట్టు చెరువులు నేర్పేదీ ఇదే. పై చెరువు మత్తడి దూకితేనే క్రింది చెరువు నిండుతుంది. పైవారు శిఖం ఆక్రమించి, కాలువ పూడ్చితే క్రింది ఊరు ఎండుతుంది.

కనుక ఒకే వాగు వెంట ఉన్న ఊళ్ల సర్పంచులు, పురపాలక సభ్యులు ఏటా వానలకు ముందు కలిసి కూర్చోవాలి. మురుగు ఎక్కడ కలుస్తున్నదో, గట్టు ఎక్కడ బలహీనపడిందో కలిసి నడిచి చూడాలి. గ్రామసభలో ఈ మాట ఎత్తవలసినది మనమే. మనం విడిచిన నీరే పొరుగువాని పొలానికి, కడవకు చేరుతుందని మరువకుందుము గాక!