పరదేశమున గది వెదకుట

వినిమయ విద్యార్థిగా ఒక అర్ధసంవత్సరమో, ఒక సంవత్సరమో విదేశమునకు బోవు వానికి పాఠ్యాంశముల నెన్నుకొనుటలో అధ్యాపకులు తోడ్పడుదురు. ప్రయాణపు ఏర్పాట్లలో బంధువులు తోడ్పడుదురు. ఉండుటకు గదిని వెదకుకొనుట మాత్రము చాలవరకు అతని వివేకమునకే విడువబడుచున్నది. అచ్చట అతడేమి నేర్చునో నిర్ణయించుటలో తరగతికెంత పాలు కలదో, సాయంకాలము అతడు తిరిగివచ్చు గదికిని అంత పాలు కలదు.

జర్మనీ దేశము నుదాహరణముగా గైకొందము. 2023-24 విద్యాసంవత్సరమున అచ్చట చదివిన భారతీయ విద్యార్థుల సంఖ్య 49,000 దాటినది. వారిలో తెలుగువారును అనేకులు. అచ్చటి వసతిగృహములను, భోజనశాలలను పెక్కింటిని విద్యార్థి సంక్షేమ సంస్థలు నడుపుచున్నవి. వీనిలో అద్దె తక్కువ. కావుననే ఎదురుచూచువారు ఎక్కువ. మ్యూనిక్ వంటి నగరములలో మాసముల తరబడి వేచియుండవలసి వచ్చును. కనుక ప్రవేశపత్రము చేతికందిన నాడే దరఖాస్తు పంపుట యుక్తము. ఆ నగరముననే 1972 ఒలింపిక్ క్రీడలకు వచ్చిన మహిళలు బసచేసిన చిన్న యిండ్లు తరువాత విద్యార్థి నివాసములైనవి. 2007-2010 నడుమ వానిని దాదాపుగా అన్నింటిని పడగొట్టి నూతనముగా నిర్మించిరి. నేడవి వేయికి పైగా కలవు. అందలి విద్యార్థులు తమ యింటి గోడలపై తామే చిత్రములు వ్రాసికొందురు.

రెండవ మార్గము ఉమ్మడి యిల్లు. దీనిని అచ్చట ‘వేగే’ అందురు. ముగ్గురు నలుగురు కలసి యిల్లు అద్దెకు గైకొని, ఎవరి గది వారిదిగ, వంటయిల్లు అందరిదిగ నుంచుకొందురు. క్రొత్తవానిని చేర్చుకొనుటకు ముందు ఇంటివారు అతనితో మాటాడి చూతురు. శాకాహారియగు విద్యార్థి తన నియమమును ఆనాడే చెప్పుట మేలు. మొగమాటమున దాచిన మాట మరునాడు పొయ్యిచెంత కలహమగును. కొద్దికాలమే యుండువారికి ఇంకొక సౌకర్యము కలదు. జర్మను విద్యార్థి తానును పరదేశమునకు బోవునప్పుడు తన గదిని సామానుతో సహా మరియొకరికి అద్దెకిచ్చిపోవుట కద్దు. దానికి యజమాని అనుమతి యున్నదో లేదో ముందుగ విచారింపవలెను.

అద్దె ప్రస్తావనలో ‘చల్లని అద్దె’, ‘వెచ్చని అద్దె’ అను రెండు మాటలు వినబడును. మొదటిది గదికి మాత్రమే. రెండవదానిలో నీరు, గదిని వెచ్చగ నుంచు ఖర్చు మొదలగునవి చేరును. విద్యుత్తు ఖర్చు కొన్నిచోట్ల వేరు. మొదటి అంకెను చూచి సంతసించినవాడు చలికాలమున చింతించును. ధరావతు మూడు మాసముల చల్లని అద్దెను మించరాదని చట్టము. ఇల్లు చేరిన రెండు వారములలో నగర కార్యాలయమున చిరునామా నమోదు చేయించుకొనవలెను. అందులకు ఇల్లిచ్చినవారి ధ్రువపత్రము అవసరము. ఆ పత్రము నీయనను వాని గది ఎంత చౌకయైనను వలదు. తాను ఊరలేనని, సొమ్ము పంపినచో తాళపుచెవి టపాలో పంపెదనని చెప్పువానిని నమ్మరాదు. తల్లిదండ్రులు అప్పుచేసి కూర్చిన ధనము అట్టివాని చేత బడినచో తిరిగివచ్చుట దుర్లభము.

అన్నిటికంటె చిక్కైనది సహవాసము. తెలుగువారితో కలసియున్నయెడల పప్పుచారును, పండుగయు, జ్వరము వచ్చిననాడు పలుకరించు మనిషియు నుండును. ఒంటరితనము చదువును చెరచును గనుక దీనిని తేలికగ త్రోసివేయరాదు. కాని పోయినది కొద్ది మాసములకు. ఆ మాసములన్నియు స్వభాషలోనే గడచినచో వినిమయమైన దేమి? వంటయింట పరభాషలో తప్పులు పలికి, దిద్దించుకొని నేర్చిన మాట తరగతిలో వ్రాసికొన్న మాటకంటె గట్టిగ నిలుచును. వారమంతయు పరదేశీయుల నడుమ నుండి, ఆదివారపు భోజనము స్వజనముతో జేయు ఏర్పాటు పెక్కురకు ఉభయతారకము.

ఈ విషయమున మన పాఠశాలలు చేయదగిన పనియు కలదు. సంతకమునకు ముందు పత్రమును పూర్తిగ చదువుట, సందేహము కలిగిన అడుగుట, తిన్న పళ్లెరమును తానే కడుగుకొనుట అను మూడు అలవాట్లు బాల్యముననే అబ్బవలెను. విమానమెక్కిన పిదప వానిని నేర్పువారుండరు.