చూపు మారితే వాయిదా వద్దు

కంటిచూపు అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. జ్వరం వస్తే మర్నాడే వైద్యుని దగ్గరకు పోయే మనం, చూపు తగ్గితే మాత్రం "వయసు మీద పడింది, అద్దాలు మార్చుకుంటే సరి" అని ఊరుకుంటాం. మార్కాపురం, కంభం, గిద్దలూరు వైపు దీనికి మరో కారణమూ ఉంది. పెద్ద వైద్యం కావాలంటే ఒంగోలుకో, నల్లమల దాటి కర్నూలుకో పోవాలి. కూలి పోతుంది, తోడు ఒకరు కావాలి. అందుకే పండుగ వెళ్లాక, మిర్చి కోతలయ్యాక, అబ్బాయి సెలవుకు వచ్చాక అని వాయిదా వేస్తాం.

ఏది ఆగుతుంది, ఏది ఆగదు?

శుక్లం నెమ్మదిగా ముదురుతుంది. ఆపరేషన్‌తో చాలామందికి చూపు తిరిగి వస్తుంది. అయితే మసకకు కారణం శుక్లమేనని మనకు మనమే తేల్చుకోరాదు. నీటికాసులు నొప్పి లేకుండానే పక్కచూపును హరిస్తాయి. అలా పోయిన చూపు తిరిగి రాదు. షుగరు ఉన్నవారు చూపు బాగున్నా ఏటా కంటి పరీక్ష చేయించుకోవాలి.

కొన్ని లక్షణాలు కనిపిస్తే ఒక్కరోజు కూడా ఆగరాదు. ఒక కన్ను హఠాత్తుగా కనిపించకపోవడం, మెరుపులతో పాటు నల్లచుక్కలు ఒక్కసారిగా ఎక్కువ కావడం, పక్క నుంచి తెర దించినట్లు ఉండడం ప్రమాద సూచనలు. కన్ను ఎర్రబడి భరించలేని నొప్పి, వాంతులు, దీపం చుట్టూ రంగుల వలయాలు ఉంటే పైత్యం అనుకోవద్దు. కంటిలో ఒత్తిడి పెరిగి ఉండవచ్చు. చూపుతో పాటు మూతి వంకరపోయినా, చెయ్యి పట్టు తప్పినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. పసిబిడ్డ కంటిపాప తెల్లగా మెరిస్తే అది కంతి కూడా కావచ్చు.

మన పనులు, మన అలవాట్లు

పలకల గనుల్లో రాతి పెచ్చు, పొలంలో ఆకు కొస కంటికి తగలడం మన ప్రాంతంలో మామూలే. అప్పుడు చనుబాలు, ఆకుపసరు పోయవద్దు. చీటీ లేకుండా మందుల షాపులో తెచ్చిన చుక్కలూ వేయవద్దు. ఆకు తగిలిన కంటిలో బూజు పుండు పుడితే, స్టెరాయిడ్ చుక్కలు దాన్ని మరింత పెంచుతాయి.

సుర్మా పట్ల మనకు గౌరవం ఉంది. కానీ బజారులో దొరికే సుర్మాల్లో చాలావాటిలో సీసం ఉన్నట్లు పరీక్షల్లో తేలింది. సీసం పిల్లల మెదడుకు హాని చేస్తుంది. ఇంటిల్లిపాదికీ ఒకే సలాయి వాడితే ఒకరి కంటి జబ్బు మరొకరికి అంటుతుంది.

వైద్యం తవక్కుల్‌కు విరుద్ధం కాదు

ప్రతి రోగానికీ అల్లాహ్ మందు ఉంచాడని, వైద్యం చేయించుకోవాలని దైవప్రవక్త (స) బోధించారు. మోసుల్ నగరానికి చెందిన అమ్మార్ అనే వైద్యుడు సుమారు వెయ్యేళ్ల క్రితమే బోలు సూదితో శుక్లాన్ని పీల్చి తీసే విధానాన్ని గ్రంథంలో వివరించారు.

ఆపరేషనయ్యాక సజ్దా ఎలా, వుజూ ఎలా అని కొందరు పెద్దలు వెనుకాడతారు. రోగికి ధర్మం సడలింపు ఇచ్చింది. వంగరాదని వైద్యుడు చెబితే కూర్చుని సైగతో నమాజు చేయవచ్చు. వుజూ సంగతి ఇమాం సాహెబును అడిగి తెలుసుకోవచ్చు. కంటి చుక్కలతో రోజా భంగం కాదని 1997లో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ కూడా తెలిపింది.

ఒక కన్ను బాగుంటే రెండో కంటి లోపం బయటపడదు. కనుక ఈ రోజే ఇంట్లో అందరూ ఒక్కో కన్ను మూసి గోడ మీది క్యాలెండర్ చూడండి. ముఖ్యంగా "నాకేం, బాగానే కనపడుతోంది" అనే దాదీమా, నానీమాల చేత చూపించండి. తేడా ఉంటే దగ్గరలోని ప్రభుత్వాసుపత్రిలో చూపించండి. ఒంగోలు ప్రభుత్వ ఆసుపత్రికో, కర్నూలు ప్రాంతీయ కంటి ఆసుపత్రికో పొమ్మంటే ఆ రోజే బయలుదేరండి. బస్సు ఛార్జీలకు ఇబ్బందిపడే కుటుంబం మీ మొహల్లాలో ఉంటే జుమా తర్వాత నలుగురూ కలిసి సాయపడండి. అల్లాహ్ మనందరి చూపునూ కాపాడుగాక, ఆమీన్.