285 బైట్ల మొదటి పుట

ఆంధ్రప్రదేశ్‌లోని నౌపడలో కూర్చుని బిట్‌కాయిన్ లావాదేవీల చిట్టా మొత్తం దించుకోవాలంటే ఫోన్ హాట్‌స్పాట్‌తో అయ్యే పని కాదు. అది 600 గిగాబైట్లు దాటిపోయింది. కానీ దాని గుట్టు తెలుసుకోవడానికి అంతా అక్కర్లేదు. బిట్‌కాయిన్ కోర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను నడిపించి, మొదటి ఫైలు నిండగానే ఆపేస్తే చాలు. ఆ ఫైలు 128 మెగాబైట్లు. తొలి రెండేళ్ల పైచిలుకు చరిత్ర అందులోనే ఉంటుంది.

ఒక్క జాగ్రత్త. 2024లో వచ్చిన 28వ వెర్షన్ నుంచి, కొత్తగా దించుకునే ఫైళ్లను ఒక 8 బైట్ల తాళంతో కలగలిపి దాస్తున్నారు. వైరస్‌లను పట్టే సాఫ్ట్‌వేర్లు వాటిని చూసి కంగారు పడకుండా చేసిన ఏర్పాటది. తాళం కూడా ఆ ఫోల్డర్లోనే ఉంటుంది కాబట్టి విప్పుకోవడం తేలిక. ఇది తెలియక ఫైలు పాడైందనుకుని వదిలేసేవాళ్లుంటారు.

టెర్మినల్లో ఎక్స్‌ఎక్స్‌డీ అనే ఆదేశం ఇస్తే ఫైలు జతలు జతలుగా తెర మీద పడుతుంది. సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలు, ఆ తర్వాత ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలు, మొత్తం పదహారు గుర్తుల లెక్క. ఒక్కో జత ఒక్కో బైటు. మొదటి నాలుగు జతలు ఎఫ్9 బీఈ బీ4 డీ9. కొత్త బ్లాకు, అంటే చిట్టాలో ఒక కొత్త పుట, ఇక్కడ మొదలవుతోందని చెప్పడానికే అవి. ఆ వెంటనే 1డీ 01 00 00. కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే. ఇందులో సంఖ్యల్ని చిన్న స్థానం ముందు, పెద్ద స్థానం వెనక వచ్చేలా రాస్తారు. తిరగేస్తే 00 00 01 1డీ. అంటే 256కి 29 కలిపితే 285. మొట్టమొదటి బ్లాకు పొడవు అంతే, 285 బైట్లు.

అందులో ముందున్న 80 బైట్లు శీర్షిక. శీర్షికలో ముందటి బ్లాకు ముద్ర ఉండాల్సిన చోట 32 జతల సున్నాలు కనిపిస్తాయి, ముందు ఏదీ లేదు కాబట్టి. కాలం రాసేచోట 29 ఏబీ 5ఎఫ్ 49 ఉంటుంది. తిరగేసి మన లెక్కలోకి మారిస్తే 123 కోట్ల 10 లక్షల 6 వేల 505. 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లవి. లండన్‌లో 2009 జనవరి 3 సాయంత్రం ఆరుంబావు; నౌపడలో అప్పుడు రాత్రి పావు తక్కువ పన్నెండు.

తెర కుడివైపున, చదవగలిగే అక్షరాలుంటే అవి విడిగా కనిపిస్తాయి. అక్కడ ఒక ఇంగ్లిషు వాక్యం తేలుతుంది. ఆ రోజు టైమ్స్ పత్రిక పతాక శీర్షిక అది, బ్యాంకులను రెండోసారి ఆదుకునే పరిస్థితికి బ్రిటన్ ఆర్థికమంత్రి వచ్చారని. సతోషి నకమోటో పేరుతో దీన్ని తయారుచేసిన వ్యక్తి బ్యాంకుల మీద విసిరిన ఎత్తిపొడుపుగానే అందరూ దాన్ని చెప్పుకుంటారు. నాకు మాత్రం అందులోని రెండో ప్రయోజనం ముఖ్యం. ఆ పత్రిక రాకముందు ఈ బ్లాకు పుట్టి ఉండదు. ముందే తయారుచేసి దాచుకుని తర్వాత బయటపెట్టారని ఎవరూ అనడానికి లేదు. ఈ ఆలోచనకూ పెద్దలున్నారు. పత్రాలకు తేదీ ముద్ర వేసి ఒకదానితో ఒకటి ముడిపెట్టే పద్ధతిని స్టూవర్ట్ హేబర్, స్కాట్ స్టోర్నెటా 1991లోనే ప్రచురించారు. సతోషి 2008 వ్యాసం చివర పేర్కొన్న ఎనిమిది ఆధారాల్లో మూడు వాళ్లవే.

ముద్ర అంటే ఎస్‌హెచ్‌ఏ-256 అనే లెక్క ఇచ్చే ఫలితం. శీర్షికలోని 80 బైట్లను దాని గుండా రెండుసార్లు పంపితే 32 బైట్లు వస్తాయి. 80 బైట్లలో ఒక్క బిట్టు మారినా ఫలితం గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. రెండో బ్లాకు శీర్షికలో ఈ 32 బైట్లే ఉంటాయి. మూడోదాన్లో రెండోదాని ముద్ర. పాత బ్లాకును ముట్టుకుంటే ఆ తర్వాతి బ్లాకుల ముద్రలన్నీ తప్పుతాయి.

ముద్ర వేయడం క్షణంలో పని. నిర్ణయించిన హద్దుకన్నా చిన్న ముద్ర రావాలన్న షరతే కష్టం. అందుకే శీర్షిక చివరి నాలుగు బైట్లలో ఒక సంఖ్యను మారుస్తూ మారుస్తూ పోతారు. మొదటి బ్లాకులో అది 208 కోట్ల పైచిలుకు. నాలుగు బైట్లలో పట్టేది దాదాపు 429 కోట్లు. ఈ సంఖ్యను వెతికే నేటి మైనింగ్ యంత్రానికి అది రెప్పపాటు మేత కూడా కాదు. అందుకని ఇప్పటివాళ్లు పత్రికా శీర్షిక దాచిన చోటునే మార్చుకుంటూ, దాంతో బ్లాకు శీర్షిక కూడా మారేలా చేసి, కొత్త అవకాశాలు పుట్టిస్తున్నారు.

మరి కాయిన్ ఏది? బ్లాకు చివర్లో 00 ఎఫ్2 05 2ఏ 01 00 00 00 అని ఉంటుంది. తిరగేస్తే సరిగ్గా 500 కోట్లు. ఒక బిట్‌కాయిన్‌కు 10 కోట్ల సతోషీలు కాబట్టి ఇది 50 బిట్‌కాయిన్లు. దాని పక్కన, ఎవరు దాన్ని విప్పగలరో చెప్పే ఒక తాళం. అంతే. ఎవరి పేరూ లేదు, ఎవరి ఖాతాలో ఎంత నిల్వ ఉందో చెప్పే పట్టికా లేదు.

170వ నంబరు బ్లాకు తెరిస్తే ఇది ఇంకా తేటగా తెలుస్తుంది. 2009 జనవరి 12న సతోషి, హాల్ ఫిన్నీ అనే ప్రోగ్రామర్‌కు 10 బిట్‌కాయిన్లు పంపారు. ఒక మనిషి మరొకరికి పంపిన మొదటి సొమ్ము అదే. ముడి బైట్లలో మాత్రం 50లోంచి 10 తీసివేసిన లెక్క ఎక్కడా కనపడదు. 9వ నంబరు బ్లాకులో పుట్టిన 50 మొత్తం ఇక్కడ ఖర్చయిపోతుంది. వాటి బదులు రెండు కొత్త పద్దులు పుడతాయి: 100 కోట్ల సతోషీలు ఫిన్నీ తాళానికి, 400 కోట్లు మళ్లీ సతోషి తాళానికి. ఐదొందల నోటిచ్చి చిల్లర పుచ్చుకున్నట్టు. వాలెట్ చూపించే నిల్వ, ఇంకా ఖర్చు కాని పద్దులన్నీ ఏరి కూడిన మొత్తం.

పేర్లు లేని ఈ పద్ధతిని మన రాష్ట్రంలో పేర్లే ప్రాణమైన చోటికి తెచ్చారు. 2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం భూ రికార్డులకు బ్లాక్‌చైన్, అంటే ఇలాంటి బ్లాకుల గొలుసు, వాడాలని స్వీడన్ కంపెనీ క్రోమావేతో చేతులు కలిపింది. అమరావతి ప్రాంత భూముల రికార్డుల పని హైదరాబాద్ కంపెనీ జెబీ చేపట్టింది. దొంగ దస్తావేజులతో విసిగిన జనానికి ఆశ కలగడం సహజం. అయితే ముద్ర చెప్పగలిగింది ఒకటే: రాసిన తర్వాత ఇది మారలేదు. రాసిన రోజున నిజమే రాశారా అన్నది దానికి తెలియదు. నౌపడలో ఒక ఉప్పు భూమి సర్వే నంబరు మొదట్లోనే తప్పు పేరు మీద ఎక్కిందనుకోండి. ఆ తప్పు కూడా అంతే భద్రంగా ఉంటుంది. కోర్టు తీర్పొచ్చినా దాన్ని చెరపలేరు, కింద ఇంకో పద్దు రాయాల్సిందే.

అంతకన్నా పెద్ద చిక్కు ముడి ఫైలు ఎవరి చేతిలో ఉందన్నది. బిట్‌కాయిన్ ప్రతులు ప్రపంచమంతా వేల కంప్యూటర్లలో ఉన్నాయి. ఒకచోట దిద్దితే మిగతావాళ్లు ఒప్పుకోరు. ప్రతులన్నీ ఒకే శాఖ సర్వర్లలో ఉంటే, గొలుసు మొత్తాన్ని మొదటి నుంచి కొత్తగా కట్టేసినా బయటివాళ్లకు తెలిసే దారి లేదు. హేబర్, స్టోర్నెటాలు ముద్రను దినపత్రికలో ప్రకటనగా వేయించింది ఇందుకే. మీభూమి వెబ్‌సైట్‌లో రైతు తన అడంగల్, 1బి చూసుకోవచ్చు, కానీ అది సర్వర్ చూపించే పుట మాత్రమే. భూ రికార్డులకు బ్లాక్‌చైన్ అన్న ప్రకటన ఈసారి వినిపిస్తే, ఏ కంపెనీ, ఎన్ని కోట్లు అన్నవాటి కన్నా ముందు అడగాల్సింది వేరే ఉంది: ఆ ఫైలు ఎక్కడ దొరుకుతుంది, మేము ఎక్స్‌ఎక్స్‌డీతో తెరుచుకోవచ్చా?